దొడ్డి అడిగే ముందు దోవ చూడండి

సందేహాలు – సమాధానాలు

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం దొడ్డి గురించే. ఊరి బయట లేఅవుట్లకు కొదవ లేదు. రాళ్లు పాతారు, రంగులూ వేశారు. కానీ అక్కడికి కొళాయి రాదు, పిల్లలకు బడి దూరం, చీకటి పడితే ముసలివాళ్లు ఒంటరిగా ఉండలేరు. ఊళ్లో చూస్తే పాత మిద్దెల వెనక వామిదొడ్లు, గొడ్ల సావిళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. కోత మిషను వచ్చాక వామి పోయింది, పాల ప్యాకెట్టు వచ్చాక గొడ్డు పోయింది. ఆ జాగాలో కొంత ఇస్తే ఇల్లు కట్టుకుంటామనేవాళ్లు కొందరు, ఎవరో వచ్చి అడుగుతున్నారు ఏం చెప్పమంటారు అనేవాళ్లు కొందరు. ఇద్దరి ఉత్తరాలూ కలిపి ఇస్తున్నాను. పేర్లు తీసేశాను. బేరం తెగకముందే పేరు బయటపడితే చిన్న ఊళ్లో ఏమవుతుందో రాసినవాళ్లకే బాగా తెలుసు.

"నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న ఆత్మకూరులో ఉంటారు. మా వెనక వీధిలో ఒక పాత మిద్దె, దాని వెనక డెబ్బై అంకణాలకు తగ్గని దొడ్డి ఉన్నాయి. ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే ఉంటారు. ముప్పై అంకణాలు ఇస్తే ఇల్లు కట్టుకోవాలని ఉంది. వాళ్లు అమ్ముతామని ఎన్నడూ అనలేదు. ఎట్లా అడగాలి? బ్రోకరును పంపమంటారా? రేటు మేమే చెప్పాలా?"
– ఆత్మకూరు పాఠకుడు

బ్రోకరు వద్దు. అమ్మకానికి పెట్టిన స్థలానికైతే ఆయన పనికొస్తాడు. అమ్ముతామని అననివాళ్ల గడప ఆయన తొక్కాడంటే పొద్దుగూకేలోపు "ఫలానా వాళ్లు దొడ్డి అమ్ముకుంటున్నారంట, ఏం ఇబ్బందొచ్చిందో" అని బజారులో మొదలవుతుంది. ఆ మాట పెద్దాయన చెవిన పడ్డాక మీరు ఏ రేటు చెప్పినా లాభం లేదు.

వెనక వీధే కదా, మీ అమ్మానాన్నలకు ఆ ఇంటితో మాటా మంచీ ఉండే ఉంటుంది. మొదట వాళ్లే వెళ్లాలి, మీరు పక్కన ఉండాలి. "దొడ్డి అమ్ముతారా?" అని అడిగితే "అమ్మం" అనే వస్తుంది, ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం వాళ్లకూ నామోషీ. "మావాడు ఊళ్లోనే ఇల్లు కట్టుకుంటానంటున్నాడన్నా. మీ దొడ్డిలో ఒక పక్క ఇచ్చే ఆలోచన ఎప్పుడన్నా వస్తే ముందు మాకో మాట చెప్పు" అని మీ నాన్నగారు అంటే చాలు. రేటు ఆ రోజు ఎత్తకండి. ఆ ఇంటి ఇల్లాలు లేనప్పుడు అసలు వెళ్లకండి. దొడ్డిని రోజూ వాడేది ఆమె. మునగాకు కోసేది, బట్టలు ఆరేసేది, మధ్యాహ్నం వేపచెట్టు కింద మంచం వేసుకునేది ఆమె. ఆయన సరేనన్న బేరాలు ఆమె వద్దనడంతో ఆగిపోవడం కొత్తేమీ కాదు.

"పిల్లల్నొక మాట అడగాలి" అని వాళ్లంటే తప్పించుకుంటున్నారనుకోకండి. అదే సరైన జవాబు. ఇంట్లో ఉండేది ఇద్దరైనా, సంతకం పెట్టాల్సినవాళ్లు ఎందరన్నది వేరే లెక్క. పెద్దాయన సొంత సంపాదనతో కొని, తన పేర రిజిస్టరు దస్తావేజు ఉంటే ఆయన సంతకం చాలు. తాతల నాటి ఆస్తి అయి పంపకాలు కాకపోతే కొడుకులతో పాటు కూతుళ్లూ హక్కుదార్లే. మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఆ హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణతో పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలన్న వాదాన్ని కూడా సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాల జోలికి మాత్రం ఈ చట్టం పోదు. బద్వేలులోనో పామూరులోనో ఉన్న కూతుర్ని అడగకుండా కొడుకుల సంతకాలతో ముగించిన బేరాలే తర్వాత తగాదాలై నా దగ్గరకు వస్తుంటాయి. ఆమెకు డబ్బు మీద ఆశ ఉండకపోవచ్చు. తనను అడగలేదన్నదే బాధ.

మాట ముందుకు పోతే దొడ్డి అంతా ఒకసారి తిరిగి చూడండి. పాత ఇళ్లలో మరుగుదొడ్డి ఇంటికి దూరంగా దొడ్డి కొసన కట్టేవాళ్లు. అంటే సెప్టిక్ ట్యాంకు మీరు అడిగే భాగంలోనే ఉంటుంది. బోరు కూడా చాలాసార్లు అక్కడే. ట్యాంకు మార్చడం, కొత్త పైపులు వేయించడం మీ ఖర్చు అని ముందే చెప్పండి, మీ మీద నమ్మకం కుదురుతుంది. నాగులపుట్ట ఉంటే దాన్ని వదిలేసి మిగతాదే అడగండి. పుట్ట చదును చేయమని అడిగి బేరం చెడగొట్టుకోవద్దు.

ఇక రేటు. లేఅవుట్ రేటు చూపించి బేరం మొదలుపెట్టకండి, అది వేరే సరుకు. రోడ్డు మీది అంకణం రేటును వెనక అంకణానికి వాళ్లు అడిగితే మీరూ ఒప్పుకోవద్దు. కానీ ఒక సంగతి గమనించండి. దొడ్డి పోయాక మిగిలిన ఇంటికీ విలువ తగ్గుతుంది. వెనక గాలి పోతుంది, వెనక గుమ్మం గోడకు ఎదురవుతుంది. ఆ నష్టాన్ని కూడా ధరలో లెక్కగట్టి మీరే చెబితే మర్యాదగా ఉంటుంది. అంకణం మాట కూడా తేల్చుకోండి. మన జిల్లాలో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. మీ ముప్పై అంకణాలు 240 గజాలు, ఐదు సెంట్లకు కాస్త తక్కువ. ఇంకొన్ని చోట్ల 36 అడుగులనే అంకణమంటారు. బయటి ఊళ్లో స్థిరపడిన కొడుకు ఆ లెక్క మనసులో పెట్టుకుని మాట్లాడితే సగానికి సగం తేడా. నోటితో అంకణాలే చెప్పుకోండి, కాగితం మీద చదరపు గజాలు రాయించండి.

"మూడేళ్ల కిందట మామ వరసాయన దొడ్డిలో ఇరవై అంకణాలు కొన్నాను. ఆయన ఇంటి పక్క సందులోంచే పోతా వస్తా ఉంటిమి. ఆయన పోయినాక కొడుకు సందుకు గేటు పెట్టి తాళం వేసినాడు. దస్తావేజులో దోవ ఊసే లేదు. ఇల్లు పునాది కాడే ఆగిపోయింది."
– అనుమసముద్రంపేట మండలం నుంచి

దొడ్డి బేరాల్లో అసలు సరుకు స్థలం కాదు, దోవ. మీరు ఇరవై అంకణాలు కొన్నారు, దోవ కొనలేదు.

అయినా మీకు దారి లేకుండా పోలేదు. ఒకే ఆస్తిని ముక్క చేసి అమ్మినప్పుడు, అమ్మిన ముక్కకు మిగిలిన ముక్క మీదుగా తప్ప వేరే దోవ లేకపోతే, దస్తావేజులో రాయకపోయినా ఆ దోవ హక్కు కొన్నవాడికి వస్తుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షను ఈ మాట చెబుతుంది. చట్టం దీన్ని అవసరం కొద్దీ పుట్టిన హక్కు అంటుంది. మీకు వెనక వైపు వేరే దోవ దొరికిన రోజున ఇది పోతుంది. దోవ ఎటు నుంచి ఇవ్వాలో చూపించే హక్కు కూడా, 14వ సెక్షను ప్రకారం, ముందటి ఇంటివాళ్లదే. సహేతుకంగా ఉంటే చాలు, మీరు కోరుకున్న చోట ఇవ్వక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న దోవకు వచ్చే హక్కు వేరు, మీకు అది వర్తించదు.

కోర్టుకు పోతే మీరు గెలిచే అవకాశం ఎక్కువే. కానీ గెలిచి తెచ్చుకునేది కాలినడక దోవ. ఆటో పోవాలి, ఇసుక ట్రాక్టరు పోవాలి, రేపు ఎవరికన్నా ఒళ్లు బాగాలేకపోతే 108 రావాలి. మున్సిపాలిటీలో ప్లాను పెట్టినా, భవన నిబంధనల ప్రకారం స్థలం ముందు దారి వెడల్పు చూసే ఎంత కట్టనివ్వాలో తేలుస్తారు. కాబట్టి నా సలహా వేరు. మామ కొడుకుతో కూర్చోండి. సందు పొడవునా కావలసినంత వెడల్పు పట్టీని విడిగా కొనేయండి. అమ్మనంటే శాశ్వత దోవ హక్కు ఇస్తున్నట్టు కొలతలు, నక్షాతో రిజిస్టరు చేయించుకోండి. ధర ఎక్కువ అడుగుతాడు. అడగనివ్వండి. ఇంగ్లండులో 1961లో ఇలాంటి దోవ పట్టీ తగాదా ఒకటి వస్తే, వెనక భూమికి దోవ వల్ల పెరిగే విలువలో మూడోవంతు ఆ పట్టీ ఖరీదని లెక్కగట్టారు. మన సందుకు అదే లెక్క అనను. దోవ ఖరీదును అంకణాల్లో కొలవరని మాత్రం అర్థం చేసుకోండి.

ఇంకా కొననివాళ్లకు ఒక మాట. దస్తావేజులో "దోవ వసతితో సహా" అని అలవాటుగా రాసే ముక్క చాలదు. ఎటు నుంచి ఎటు, ఎన్ని అడుగుల వెడల్పు, బండ్లు పోవచ్చా, పైపులూ కరెంటు తీగలూ అందులోంచి వేసుకోవచ్చా, గేటు పెట్టవచ్చా, మురుగు కాలువ ఎటు పోవాలి – ఇవన్నీ రాయించాలి.

"ఉదయగిరిలో కొండ దాపున పాత ఇల్లు, వెనక దొడ్డి. అమ్మేవాళ్ల తాతల కాలం నుంచి స్వాధీనంలో ఉండాది గానీ కాగితం లేదు. ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఉండాయి. గ్రామకంఠం అంటున్నారు. కొనొచ్చా?"
– ఉదయగిరి ఉపాధ్యాయిని

కొనొచ్చు, తొందరపడకుండా. పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్)లో దీన్నే గ్రామనత్తం అని రాసి ఉంటారు. ఊరివాళ్లు ఇళ్లు కట్టుకునేందుకు వదిలిన భూమి ఇది. అందుకే దీనికి పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్ ఉండవు. అవి లేవని భయపడనక్కర్లేదు. గ్రామకంఠం అయినంత మాత్రాన ప్రభుత్వ భూమి కాదని హైకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. కానీ కొన్ని చోట్ల సర్వే నంబరు మొత్తాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో పెట్టేశారు. అడ్వాన్సు ఇచ్చే ముందు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో మీ సర్వే నంబరు ఆ జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే కలెక్టరుకు అర్జీ పెట్టి తీయించుకునే పని అమ్మేవాళ్లది. తీశాకే మీ డబ్బు.

కాగితం లేనిచోట రుజువులు పోగు చేయాలి. పంచాయతీ డిమాండు రిజిస్టరులో ఎన్నేళ్ల వెనక నుంచి వాళ్ల పేరుందో నకలు తీయించండి. ఇరుగుపొరుగు వాళ్లకు రిజిస్టరు దస్తావేజులు ఉంటే వాటిలో హద్దులు చదవండి. "తూర్పు ఫలానా వారి దొడ్డి" అని ముప్పై ఏళ్ల కిందట పక్కవాడి దస్తావేజులో పడిన మాట పన్ను రసీదు కంటే బరువైనది. గ్రామకంఠం ఇళ్లకు హక్కు కార్డులివ్వడానికి 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలైంది, అదే ఏడాది డిసెంబరులో మన రాష్ట్రం రీసర్వే కూడా మొదలుపెట్టింది. మీ వీధిలో కొలతలు అయ్యాయా, అయితే ఇల్లూ దొడ్డీ కలిపి ఒకే ముక్కగా చూపారా, ఎవరి పేర చూపారు అన్నది సచివాలయంలో అడగండి. ఇల్లు ఒకరి పేర, దొడ్డి తమ్ముడి పేర పడి ఉంటే ఆ చిక్కు ఇప్పుడే విప్పించాలి.

మీరు దొడ్డి అంటున్నది నిజంగా ఇంటి దొడ్డేనా, వామిదొడ్డా? కొన్ని వామిదొడ్లు గ్రామకంఠం గీత దాటి పోరంబోకులోనో, ప్రభుత్వం పంచిన డీకేటీ పట్టాలోనో ఉంటాయి. మధ్యలో గోడ లేకపోతే కంటికి ఒకటే జాగాగా కనబడుతుంది. విలేజ్ సర్వేయరుతో గీత ఎక్కడ పడుతుందో చూపించుకోండి. గీత అవతలిది డీకేటీ అయితే 1977 నాటి అసైన్డు భూముల చట్టం వర్తిస్తుంది. దాన్ని అమ్మే హక్కు వాళ్లకు ఉందని తహసీల్దారు రాసివ్వకుండా ముట్టుకోవద్దు.

ఇది ఉదయగిరి కాబట్టి ఇంకొకటి. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు. ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలి. 1958 నాటి చట్టానికి 2010లో ఈ సవరణ తెచ్చారు. దుర్గం మీదా కిందా పాత గుళ్లూ కట్టడాలూ చాలా ఉన్న ఊరు మీది. మీ దొడ్డికి దగ్గరున్నది ఆ జాబితాలో ఉందేమో పురావస్తు శాఖ వాళ్ల నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. రాయలవారు గజపతుల నుంచి గెలిచిన కొండ నీడలో ఇల్లంటే ముచ్చటే. పునాది తీశాక నోటీసు వస్తే ఆ ముచ్చట నిలవదు.

"నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇల్లూ దొడ్డీ మా ఆయన నా పేర గిఫ్టు రిజిస్టరు చేసి పోయినారు. పక్కింటోళ్లు దొడ్డి అడుగుతున్నారు. పెద్దోడు ఇచ్చేయమంటాడు, చిన్నోడు వద్దంటాడు. ఎవరి సంతకం కావాల? ముందు రిజిస్టరు చేస్తే బ్యాంకు లోను తెచ్చి ఇస్తామంటున్నారు."
– మర్రిపాడు మండలం నుంచి ఒక తల్లి

అమ్మా, మీ సంతకం ఒక్కటే చాలు. ఆయన తన సొంత ఆస్తిని షరతులేమీ పెట్టకుండా మీ పేర రిజిస్టరు చేసి ఉంటే, హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం అది పూర్తిగా మీది. మీరు ఉండగా కొడుకులకు అందులో వాటా లేదు. కొనేవాళ్లు జాగ్రత్త కోసం వాళ్లనూ సంతకం పెట్టమంటారు, అది వాళ్ల ఇష్టం. చిన్నబ్బాయి ఎందుకు వద్దంటున్నాడో మాత్రం అడగండి. రేపు వచ్చి ఆ దొడ్డిలోనే ఇల్లు కట్టుకోవాలని మనసులో ఉండి, నోరు తెరవలేకపోతున్నాడేమో.

ముందు రిజిస్టరు చేయకండి. బ్యాంకు లోనుకు పద్ధతి ఉంది. లోను మంజూరు కాగితం ముందు వస్తుంది, డీడీ మీ పేర తీసి రిజిస్ట్రేషన్ రోజున సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోనే చేతికి ఇస్తారు. మీకు అలాగే కావాలని చెప్పండి. బాకీ ఉన్న సొమ్ముకు అమ్మినవాళ్లకు ఆ ఆస్తి మీద హక్కు ఉంటుందని చట్టం చెబుతుంది. కానీ ఈ వయసులో దాని కోసం బ్యాంకుతో వ్యాజ్యం మీకెందుకు? జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిమ్మంటే అసలు వద్దు. జీపీఏతో ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. అయినా వాళ్ల చేతిలో ఆ కాగితం ఉంటే మీకే చిక్కులు.

కొలిచేటప్పుడు టేపు ఎక్కడి నుంచి పట్టాలో మీరే చెప్పండి. పక్కింటివాళ్లు ప్రహరీ నుంచి లోపలికి తమకు కావలసినంత కొలుస్తారు. మీరు మీ వంటింటి గోడ నుంచి వెనక్కి, మీకు కావలసినంత ముందు కొలవండి. బట్టలు ఆరేయడానికి, నీళ్ల డ్రమ్ముకు, రేపు మెట్లెక్కలేనప్పుడు కింద ఒక స్నానాల గది కట్టుకోవడానికి సరిపడా వదులుకుని, మిగిలినదే అమ్మకం. మీ కిటికీ ఎదురుగా వాళ్ల గోడ ఎంత దూరంలో లేవాలో, వాళ్ల పైకప్పు వాన నీళ్లు ఎటు పడాలో దస్తావేజులోనే రాయించండి. పక్కింటివాళ్లే అయినా సరే. పక్కింటివాళ్లు కాబట్టే మరీ.

డబ్బు మీ ఒక్కరి పేర ఉన్న ఖాతాలోకే రావాలి. పన్ను సంగతి ఆడిటరుకు చూపించండి. 2024 జూలై 23 నుంచి ఇలాంటి లాభం మీద 12.5 శాతం, లేదా ధరల సూచీ కలుపుకున్న పాత లెక్కలో 20 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అది. పాత ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. మీకు వేరే ఆదాయం లేకపోతే పన్ను పడకపోవచ్చు కూడా.

"దొడ్డి ముగ్గురన్నదమ్ములది. ఇద్దరు ఊళ్లోనే ఉన్నారు, సరే అన్నారు. మూడో ఆయన కువైట్‌లో ఉన్నాడు, ఫోనులో ఒప్పుకున్నాడు. ఇద్దరి వాటా ఇప్పుడు రాయించుకుని ఆయనది వచ్చాక చూద్దామా?"
– సీతారామపురం నుంచి

వద్దు. పంపకం కాని ఇంటి ఆస్తిలో వాటా కొన్న బయటివాడికి ఆ ఇంటివాళ్లతో కలిసి స్వాధీనంలో ఉండే హక్కు లేదు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను ఆ మాట స్పష్టంగా చెబుతుంది. మీరు పంపకం కోసం దావా వేస్తే, 1893 నాటి పార్టిషన్ చట్టం కింద ఆ వాటా తమకే అమ్మమని మిగిలినవాళ్లు అడగవచ్చు. డబ్బు కట్టి, కొలతే లేని జాగాకు యజమాని అవుతారు.

కువైట్ ఆయన రావక్కర్లేదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ఈ ఒక్క అమ్మకానికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాసి, సంతకం అధికారి ఎదుట పెట్టి పంపితే చెల్లుతుంది. ఆ కాగితం ఇక్కడ చేతికందిన మూడు నెలల్లోపు స్టాంపు చెల్లించాలి. ఆ గడువు మరచి కవరు బీరువాలో పెట్టుకునేవాళ్లే ఎక్కువ. పవర్‌లో సర్వే నంబరు, కొలతలు, ధర, డబ్బు ఏ ఖాతాలో పడాలో ఉండాలి. ముగ్గురన్నదమ్ములకు అక్కచెల్లెళ్లు ఉన్నారా? ఉత్తరంలో ఆ మాట లేదు. ఉంటే, కూతుళ్ల హక్కు గురించి మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు చదవండి. వాళ్లలో చనిపోయినవాళ్ల మైనరు పిల్లల వాటా విడిగా ఉంటే, సంరక్షకుడి సంతకానికి ముందు కోర్టు అనుమతి కావాలి.

"దొడ్డి ముక్క అమ్ముతామంటున్నారు గానీ ఒరిజినల్ లింకు దస్తావేజు ఇవ్వరంట. మోసమేమో?"
– ఆత్మకూరు

మోసం కాదు, వాళ్ల హక్కు. ఆస్తిలో కొంత భాగం అమ్మేవాడి దగ్గరే మిగిలితే పాత దస్తావేజులన్నీ ఆయనే ఉంచుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతుంది. మీరు కోరినప్పుడు చూపించాల్సిన, మీ ఖర్చుతో నకళ్లు ఇవ్వాల్సిన బాధ్యత ఆయనకుంది. ఆ మాట మీ దస్తావేజులో రాయించండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అయితే ఒరిజినల్‌ను ఒక్కసారైనా కళ్లారా చూడండి. చూపించడానికి కూడా వాయిదాలు వేస్తున్నారంటే అది బ్యాంకులోనో ఎవరి దగ్గరో తాకట్టులో ఉండవచ్చు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)లో కనబడని తాకట్లు ఉంటాయి. లోను మీద కొనాలనుకుంటే, ఒరిజినల్ లేకుండా ఇస్తారో లేదో మీ బ్యాంకు లాయరును ముందే అడగండి.

"మా ఇంటికి దక్షిణం వైపు దొడ్డి అమ్ముతున్నారు. దక్షిణం కొనకూడదంటారు. నిజమేనా?"
– వింజమూరు

వాస్తు నా సబ్జెక్టు కాదు. ఒకటి మాత్రం చూశాను. దక్షిణం, పడమర దొడ్లకు పక్కింటివాళ్లు పోటీకి రారు కాబట్టి అవి కాస్త చవగ్గా దొరుకుతాయి. మీ ఇంటితో కలపకుండా విడి గోడ, విడి గుమ్మంతో కట్టుకుంటే మీకు ఏ దిక్కవుతుందో సిద్ధాంతిగారినే అడగండి.

"ఎనిమిది నెలల కిందట వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని రెండు లక్షలు నగదు అడ్వాన్సు ఇచ్చాను. ఇప్పుడు పెద్దాయన మనసు మారింది, దొడ్డి ఇవ్వను, డబ్బు తీసుకో అంటున్నాడు. కోర్టుకు పోతే వస్తుందా?"
– ఉదయగిరి మండలం నుంచి

మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన 1999 సవరణ తర్వాత అమ్మకపు ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయించాలి. మీది రిజిస్టరు కాలేదు. అయినా అమ్మకం చేయించమని దావా వేయడానికి అది సాక్ష్యంగా పనికొస్తుంది. ఒప్పందంలో గడువు తేదీ ఉంటే ఆ రోజు నుంచి, లేకపోతే ఆయన కాదన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మిగతా డబ్బుతో మీరు మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నారని చూపించాలి. నిర్దిష్ట ఉపశమన చట్టానికి వచ్చిన 2018 సవరణ తర్వాత కోర్టులు ఇలాంటి ఒప్పందాలను అమలు చేయించడానికే మొగ్గుతున్నాయి. నగదు సంగతి ఇంకో చిక్కు. స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. తప్పితే తీసుకున్నంతా జరిమానా. అది పడేది మీకు కాదు, ఆ పెద్దాయనకు. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమే అయి, పన్ను కట్టే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది.

ఇంత చెప్పి కూడా నేను దావా వేయమనను. లేఅవుట్ ప్లాటైతే వేయమనేవాణ్ని. ఇది ఆయన వంటింటి వెనక జాగా. కోర్టు ఇప్పించిన స్థలంలో ఇల్లు కట్టి, రోజూ ఆయన సందులోంచే పోవాలి మీరు. ఆయన చెప్పే కారణం వినండి. కూతురు వద్దందా, దోవ భయమా, ధర తక్కువనిపించిందా? ధరే అయితే మళ్లీ కూర్చోవచ్చు. కాకపోతే రెండు లక్షలూ, ఈ ఎనిమిది నెలలకు న్యాయమైన వడ్డీ బ్యాంకు ద్వారా తీసుకుని, పాత ఒప్పందం కాగితం వెనక "రద్దు" అని ఇద్దరూ సంతకాలు పెట్టి, తేదీ వేసి, చెరొక నకలు ఉంచుకోండి. ఇంకెవరన్నా ఇలాగే వెనక్కి తగ్గుతూ ఉంటే, వాళ్ల ఒప్పందం రిజిస్టరయి ఉంటే, రద్దు కూడా రిజిస్టరు చేయించాలి. లేకపోతే అమ్మినాయన ఈసీలో ఆ ఒప్పందం అలాగే ఉండిపోతుంది, రేపు ఆయన పిల్లలు ఆ ఇంటి మీద లోనుకు పోతే అక్కడ అడ్డం పడుతుంది.